పుర్రచేతి గాటు

ఊటపర్రులో దాన్ని కోటదిబ్బ అంటారు.
కోట లేదు. దిబ్బ కూడా అంతగా లేదిప్పుడు.
మూడు తరాలవాళ్ళు పాటిమన్ను తవ్వి
బండ్లకెత్తి చేలకి తోలేశారు.
ఎవరో దొర పడుకున్న గది, కూర్చున్న వసారా,
తాళం వేసుకున్న గింజల కొట్టు
ఏపుగా లేచి, పొట్టకొచ్చి, పాలుపోసుకుని
ఎప్పుడో అన్నమైపోయాయి.

మిగిలింది అగడ్త.
మట్టినైతే మోసుకుపోవచ్చు గానీ
గోతిని ఎవడెత్తుకుపోతాడు?
మూడు వైపులా రొయ్యల లీజు కిందికి పోగా
ఉత్తరం పాయ ఒక్కటి, గుర్రపుడెక్కతో సహా,
మాకిచ్చారు, పంతొమ్మిది రోజులకి.
గాదిరాజుగారి పొక్లెయిను గట్టుమీద
తొండం ముడుచుకుని మా వంకే చూస్తోంది.

తెల్లారి మొదటి పని నీళ్ళు తోడడం.
ఇక్కడ మూడడుగులు దిగితే చాలు
గోదారి పలకరిస్తుంది.
ఏసోబు ఇంజను తాడు లాగి,
అది దగ్గి, ఉమ్మి, అందుకునేదాకా
టీ తాగుతూ నిలబడతాం.

పైన ప్లాస్టిక్కు సంచులు.
కింద, ఆనకట్ట కాలవలు వచ్చాక పేరుకున్న ఎర్ర ఒండ్రు.
దానికింద ఒక వరద,
ఒక్క రాత్రిలో పోసిపోయిన మూరెడు ఇసక.
దానికింద నలుపు.
కాటుకలాంటిది, కంపుకొట్టేది, ఏదీ మర్చిపోనిది.
దొరగారింటి ఎంగిలంతా అందులోనే ఉంది.
మెడ విరిగిన కూజా. సగం దువ్వెన.
ఒక చేప దవడ: కొరమేనని ఏసోబు,
కాదు వాలుగని నూకరత్నం, పది రూపాయల పందెం.
అడ్డంగా ఓ తాటిదుంగ, వంతెన కాబోలు;
గాలి తగలగానే బీటలివ్వబోయింది.
జ్వరమొచ్చిన పిల్లకి కప్పినట్టు తడిగోనె కప్పాం.

ఆయన పేరు ఏ శాసనంలోనూ లేదు.
ఎవరంటే బెదిరి ఇంత నీళ్ళు చుట్టూ కట్టుకున్నాడో
అదీ తెలీదు.
డైరెక్టరుగారు ఫోన్లో రోజూ అదే అడుగుతారు:
నాణెం దొరికిందా? ఇటుక?
లేదండీ. బురద దొరికింది.

పద్నాలుగోరోజు, నలుపంతా చెక్కేశాక
అసలు ఒడ్డు బయటపడింది, జిగురు రేగడి.
దాని ఒంటినిండా గాట్లు.
పార దిగి, పెళ్ళ ఊడొచ్చినచోట నున్నగా, తడిగా,
నిన్న పొద్దుగూకి పని దిగిపోయినట్టు.
రంగుల కార్డు పెట్టి చూశాను.
స్కేలు ఆనించి ఫొటో తీశాను.
'పనిముట్ల గుర్తులు, ఉత్తర ముఖం' అని రాశాను.

నూకరత్నం తట్ట దించి వచ్చింది.
ముప్పయ్యేళ్ళుగా కాలవ పూడికల్లో, చెరువు గట్లమీద
మట్టి కోసిన మనిషి.
వేలు పెట్టి ఒక్కో గాటూ తడిమి
"ఈళ్ళు ముగ్గురండీ" అంది.
"ఇక్కడిదాకా ఒకడు. దమ్మున్నోడు, జానెడేసి కోశాడు.
ఈడు ముసలోడో, పస్తున్నాడో, పైపైన గీరాడు.
ఆ చివరోడు పుర్రచేతోడండీ.
గాటు అటేపు ఒరిగింది చూడండి.
ఇలాంటోడి పక్కన నిలబడితే మోచెయ్యి తగులుద్ది,
అందుకే ఆ కొసని పెట్టారు.
మా ఆయన్నీ అలాగే పెట్టేవోరు."

ఆ తర్వాత ఏమీ అనలేదు.
ఎడం చెయ్యి చాపి ఆ గాటులో ఆనించి
కాసేపు అలా ఉండిపోయింది.

పైన ఇంజను ఆగింది. డీజిలు అయిపోయింది.
నీళ్ళు, తొందరేమీ లేదన్నట్టు,
అడుగునుంచి ఊరడం మొదలెట్టాయి.
మేకులూ దారాలూ ఏరుకుని ఎక్కుతుంటే అడిగింది:
"ఆళ్ళకి కూలెంతిచ్చారో మీ పుస్తకాల్లో ఉంటదాండీ?"
లేదన్నాను.
"అయితే మస్టరెయ్యలేదన్నమాట."
గట్టుమీద కొంగు దులుపుకుని,
"నాదేసేరా మరి, ఇయ్యాల్ది?"

వేశాను.
వేలికున్న నల్లబురద కింద గడిలో మరకైంది.
తుడవలేదు.